ఈశ్వరి పట్టిన మౌనం

ఏటా పదో తరగతి అమ్మాయిల్ని భీమిలి తీసుకెళ్ళి మూడు రోజులు నోరు మూయించడం ఆ కాన్వెంటు ఆనవాయితీ. బడిలో దాన్ని రిట్రీట్ అంటారు, చర్చికెళ్ళే పెద్దవాళ్ళు వడకం అంటారు, వన్ టౌన్ షావుకార్ల అమ్మాయిలు మాత్రం సెంట్రల్ జైలు అంటారు. బస్సు ఎక్కకముందే ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ బకెట్లో వేయించుకుంటారు. ఆ బకెట్‌ని సిస్టర్ జసింత ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటే, పిల్లలు రుషికొండ దాటేదాకా సముద్రాన్ని చూడరు, బకెట్‌ని చూస్తారు. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె కిందటేడు దానికోసం వెక్కి వెక్కి ఏడ్చిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ఈశ్వరికి ఫోనే లేదు కాబట్టి ఆ బాధ లేదు. పైగా ఆమె ఈ మూడు రోజుల కోసం తొమ్మిదో తరగతి నుంచే కాచుకుని ఉంది. ఫిషింగ్ హార్బర్ పక్కన వాళ్ళ వీధిలో నిశ్శబ్దం అన్నది ఎవరూ ఎరగరు. తెల్లారకముందే వేలం పాటల కేకలు, ఐసు ఫ్యాక్టరీ మోత, తట్టలు ఎత్తుకుని బయలుదేరే ఆడవాళ్ళ తగువులు. వాటి మధ్యే చదువు, వాటి మధ్యే నిద్ర. తనకంటూ ఒక ఆలోచన మొదలుపెడితే అది చివరిదాకా సాగిన పాపాన పోలేదు. అలాంటి పిల్లకి మూడు రోజులు ఎవరూ పిలవరు, ఎవరికీ బదులు చెప్పక్కర్లేదు అంటే ఇంకేం కావాలి? ఇంట్లో గంగమ్మకి మొక్కుతారు, బడిలో ఏసు పాటలకి అందరితోపాటు పెదాలు కదుపుతుంది, ఆ రెంటికీ మధ్య ఇప్పటిదాకా ఏ పేచీ రాలేదు.

బస్సులో ఆమె పక్కన దేవిశ్రీ కూర్చుంది. దేవిశ్రీ ఇంకెవరి పక్కనైనా కూర్చోవడం ఎవరూ చూడలేదు. ఎదురెదురు ఇళ్ళు, ఒకే ఆటోలో బడికి, ఒకే డబ్బాలో తిండి. ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్ళు కూడా బడి ఎగ్గొట్టేవారు. టీచర్లు ఒకరిని తిట్టాలంటే ఇద్దరినీ నిలబెట్టేవారు.

దేవిశ్రీ తండ్రి అర్జునరావు బోటు డ్రైవరు. ఈశ్వరి తండ్రి దొరబాబు అదే బోటు మీద వల లాగే మనిషి. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు కాబట్టి ఈశ్వరికి అర్జునరావు మావ అయ్యాడు. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా వేటకెళ్ళిన దొరబాబు తిరిగి రాలేదు. వల ఎత్తుతుంటే పెద్ద అల వచ్చి కొట్టేసిందని, డీజిలు అడుగంటేదాకా వెతికామని, అర్జునరావు వాళ్ళ గుమ్మంలో కూలబడి చెప్పాడు. మనిషి శవమై కూడా దొరకలేదు. అల అన్నాక ఇంకెవరిని నిలదీస్తాం? ఈశ్వరి సముద్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంది, కొన్నాళ్ళు దానివైపు చూడటం మానేసింది, ఆ తర్వాత హార్బర్లో బతికేవాళ్ళకి అది కుదరదు కాబట్టి చూడటం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి బోటు ఒడ్డుకి వచ్చిన ప్రతిసారీ అర్జునరావు దొరబాబు వాటా చేపల్ని తనే తట్టలో మోసుకొచ్చి వాళ్ళ ఇంట్లో దింపేవాడు. బడిలో తండ్రులు రావాల్సిన మీటింగులకి చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి, ఆ చిన్న బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. టీచరు ఇంగ్లీషులో ఏం చెప్పినా బుద్ధిగా తల ఊపేవాడు. మార్కులు బాగా వస్తే మా గుంటకే ఎక్కువొచ్చేయని వీధంతా వినేలా చెప్పుకునేవాడు, సొంత కూతురి మార్కుల గురించి మాత్రం నోరెత్తేవాడు కాదు. తండ్రి లేని లోటు తీర్చాడని పెద్దవాళ్ళు ఆయన్ని మెచ్చుకుంటుంటే ఈశ్వరికి గర్వంగా ఉండేది. ఆయనంటే ఆమెకి ప్రాణం.

రిట్రీట్ ఇల్లు భీమిలిలో బీచికి కాస్త ఎగువన, సరుగుడు తోటలో ఉంది. పొద్దున్న లేవగానే దివ్యపూజ, తర్వాత ఫాదర్ గారి బోధ, తర్వాత మౌనం. అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడకూడదు, పప్పు కావాలంటే వేలు చూపించాలి. మొదటిరోజు మధ్యాహ్నానికే సగంమంది సైగలతో సినిమా కథలు చెప్పుకోవడంలో ఆరితేరారు. ఈశ్వరి మాత్రం నిజంగానే మాట్లాడలేదు. చెట్టుకింద కూర్చుని గాలి చప్పుడు వింది. లోపలి గోల సద్దుమణిగితే ఇంత స్థలం ఉంటుందా అని ఆశ్చర్యపోయింది. ఇంటికెళ్ళాక కూడా రోజూ కాసేపు ఇలా కూర్చోవాలని, ఎక్కడ కూర్చోవాలో మాత్రం తెలియదని అనుకుంది.

ఫాదర్ గారు మంచి మాటకారి. సముద్రంలో తుఫాను లేస్తే పడవలో నిద్రపోతున్న ఏసు లేచి అలల్ని గద్దించిన కథ చెప్పాడు. ఈశ్వరికి ఆ కథ ఎప్పుడూ మింగుడు పడదు. అంతమంది కోసం లేచినవాడు ఒక్కడి కోసం ఎందుకు లేవలేదని నాన్న పోయిన కొత్తలో అడగబోయి, సిస్టర్ నొచ్చుకుంటుందని మానేసింది.

రెండో రోజు పాపసంకీర్తనం. కతోలిక అమ్మాయిలు ఒక్కొక్కరే గుడి వెనక గదిలోకి వెళ్ళి, ఫాదర్ పక్కన మోకరించి, తాము చేసిన తప్పులు చెప్పుకుని వస్తారు. మిగతావాళ్ళు ఆ సమయంలో తోటలో కూర్చుని ఎవరి మనసు వాళ్ళు వెతుక్కోవాలి. ఈ విషయంలో కతోలిక అమ్మాయిలకి కాస్త పొగరు ఉండేది. ఆ గదిలో చెప్పింది ఫాదర్ పీక మీద కత్తి పెట్టినా బయటికి రాదనీ, చెప్పుకున్న మరుక్షణం బరువంతా దిగిపోతుందనీ వాళ్ళు ముందురోజే బస్సులో గొప్పలు పోయారు. దేవిశ్రీ అదంతా నోరు తెరుచుకుని వింది. విని, ఆ రెండో రోజు పొద్దున్న వెళ్ళి వాళ్ళ వెనకే వరసలో నిలబడింది.

తోటలోంచి అది చూసి ఈశ్వరికి నవ్వొచ్చింది. గంగమ్మ జాతరలో ఘటం ఎత్తిన పిల్ల ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడమేంటి? పోనీ, దీనికి పాపాలేం ఉన్నాయి? నా లెక్కల నోట్సు చూసి రాసినవి అప్పజెప్తుందేమో అనుకుంది. దేవిశ్రీ లోపల చాలాసేపే ఉంది. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం తేలికపడలేదు సరికదా, వెళ్ళేటప్పటికంటే అధ్వాన్నంగా ఉంది. ఈశ్వరి ఏమైందని కళ్ళతో అడిగింది. దేవిశ్రీ చూపు తిప్పుకుని బాత్రూముల వైపు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎడారి గంట అని ఒకటి పెట్టారు. ఎవరికి నచ్చిన చోట వాళ్ళు విడిగా కూర్చోవాలి, చేతిలో పుస్తకం కూడా ఉండకూడదు, మళ్ళీ గంట కొట్టేదాకా కదలకూడదు. ఈశ్వరి తోట చివర, సముద్రం కనిపించే చోట కూర్చుంది. ఇసుకలో కాళ్ళు చాపుకుని హాయిగా ఉంది. అప్పుడు దేవిశ్రీ వంగి వంగి చెట్ల చాటున వచ్చి ఆమె పక్కన కూలబడింది. నియమం తప్పుతోందని ఈశ్వరి కోపంగా చూసింది.

"నాను సెప్పీదాకా మాటాడకే," అంది దేవిశ్రీ. "మీ నాన్నని అల కొట్టలేదు."

ఆ తర్వాత ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది. దొరబాబుకి బోటు మీద జ్వరం పట్టుకుందట. కప్పుకున్న గోనె కింద వణికిపోతూ బోటు వెనక్కి తిప్పమని అర్జునరావుని అడిగాడట. చేప అప్పుడప్పుడే దొరుకుతోందని, ఈ ఒక్క వల ఎత్తేసి వెళ్ళిపోదామని అర్జునరావు అన్నాడట. ఆ ఒక్కటీ అయ్యాక ఇంకొకటి. చివరి వల లాగడానికి మనిషి చాలకపోతే దొరబాబుని లేపాడట. లేచి నిలబడ్డవాడు కళ్ళు తిరిగి బోటు అంచు మీదుగా నీళ్ళలో పడిపోయాడు. ఇంజను మోతలో ఎవరికీ వినపడలేదు. చూసుకునేసరికి మనిషి లేడు. ఆ రోజు సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉందట, అలన్నదే లేదట.

కిందటేడు తాగి వచ్చిన తండ్రి తల్లి దగ్గర ఏడుస్తుంటే దేవిశ్రీ ఇదంతా వింది. బోటు మీద ఉన్న అందరికీ తెలుసునని, ఈశ్వరికి మాత్రం చెప్పకూడదని పెద్దవాళ్ళు మాట అనుకున్నారని చెప్పింది. దాచలేక చస్తున్నానంది. ఫాదర్ చెవిలో వేస్తే తీరిపోతుందని వెళ్తే, ఆయన అంతా ఓపికగా విని, ఆ పాపవిమోచనం జ్ఞానస్నానం తీసుకున్నవాళ్ళకేనమ్మా అన్నాడట. పైగా ఇది నాకు చెప్పాల్సిన సంగతి కాదు, ఆ అమ్మాయిది, ముందు మీ పెద్దవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ చేతే చెప్పించు అన్నాడట. పెద్దవాళ్ళతో మాట్లాడే ధైర్యం దేవిశ్రీకి లేదు. ఇంటికెళ్ళేదాకా ఆగే ఓపిక అంతకంటే లేదు.

"నన్ను ఒగ్గీకే ఈశ్వరీ," అని, తనని వదిలెయ్యొద్దని ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఈశ్వరి నోరు తెరిచింది. ఏం అనబోయిందో ఆమెకే తెలియదు, అరిచేదో, కొట్టేదో. సరిగ్గా అప్పుడే చెట్ల మధ్య జపమాల తిప్పుకుంటూ వస్తున్న సిస్టర్ జసింత వాళ్ళిద్దర్నీ చూసి, పెదాల మీద వేలు పెట్టి నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. ఈశ్వరి నోరు మూసుకుంది. గొంతుదాకా వచ్చిందంతా మళ్ళీ లోపలికే పోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర దేవిశ్రీ రెండోసారి సాంబారు పోయించుకుంది. చాలా రోజుల తర్వాత ఆకలి వేసినదానిలా తిని, పడుకోగానే నిద్రపోయింది. తీర్చుకోవాల్సింది తీర్చేసుకుంది కదా మరి. ఈశ్వరి పక్క మంచం మీద ఆ నిద్రని చూసి రగిలిపోయింది. ఏడాదిపాటు మోయలేకపోయిన దాన్ని దింపుకోవడానికి దీనికి నా నెత్తే దొరికిందా అనుకుంది. చెప్పినందుకు కాదు ఆమె బాధ. ఏడాదిపాటు అదే డబ్బాలో తిని, అదే ఆటోలో కూర్చుని, నాన్న గుర్తొచ్చి తను ఏడ్చినప్పుడల్లా ఓదార్చి, అంతా తెలిసి ఊరుకున్నందుకు. సముద్రాన్ని తను తిడుతుంటే ఈ పిల్ల పక్కన కూర్చుని తనూ తిట్టింది. అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

ఇక మావ సంగతి. మోసుకొచ్చిన తట్టలు, ఇస్త్రీ చొక్కా, బెంచీలో ముడుచుకున్న మోకాళ్ళు, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. తను ప్రేమ అనుకున్నది భయం. తను తండ్రి అనుకున్నవాడు తన తండ్రిని జ్వరంలో లేపి వల లాగించినవాడు. అమ్మకి ఈ సంగతి తెలిస్తే గుండె పగిలిపోతుందని ఈశ్వరి భయపడింది. ఇన్నాళ్ళూ తనలాగే అమ్మ కూడా మోసపోయింది, లోకంలో మిగిలింది తామిద్దరే అనుకుంది. ఆ ఒక్క ఊహే ఆ రాత్రి ఆమెని నిలబెట్టింది.

మర్నాడు పొద్దున్న సిస్టర్ జసింత అందరి ముందూ ఈశ్వరిని లేపి నిలబెట్టింది. నిన్న సాయంత్రం నుంచి ఈ అమ్మాయి సైగ కూడా చేయలేదని, మౌనం అంటే ఎలా ఉండాలో ఈమెని చూసి నేర్చుకోమని చెప్పింది. పిల్లలు చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు. లోపల అగ్గి రగులుతున్న మనిషికి శాంతం బహుమతి ఇచ్చినట్టయింది. పాపం సిస్టర్ తప్పేముంది, నోరు మూసుకున్న వాళ్ళంతా దేవుడి దగ్గరే ఉంటారని ఆమె నమ్మకం.

చివరి మౌనానికి ముందు, ఏమైనా అడగాలంటే అడగవచ్చని సిస్టర్ ఒక్కొక్కరినీ పక్కకి పిలిచింది. నిజం తెలిసినవాళ్ళు దాన్ని దాచిపెడితే అది పాపమేనా అని ఈశ్వరి అడిగింది. ఎవరు, ఏమిటి అని సిస్టర్ అడగలేదు. ఎవరైనా మన పట్ల తప్పు చేస్తే క్షమించాలని, క్షమిస్తే మనసు తేలికవుతుందని ఎంతో దయగా చెప్పి, తల మీద చెయ్యి వేసింది. అందరికీ తేలికవ్వడమే కావాలి కాబోలు అనుకుంటూ ఈశ్వరి బయటికి వచ్చేసింది.

అయినా ఆ చివరి మౌనం ఊరికే పోలేదు. అదే హార్బర్ వీధిలో తెలిసుంటే ఈశ్వరి గుమ్మంలో నిలబడి రచ్చ చేసేది, నలుగురూ చేరేవారు, ఎవరి మాట వాళ్ళు అనేవారు, సాయంత్రానికి ఆ తగువూ మిగతా తగువుల్లో కలిసిపోయేది. ఇక్కడ అరవడానికి లేదు. కోపం వచ్చింది, వస్తూనే ఉంది, దానికి పోయే దారి లేదు. కూర్చుని కూర్చుని ఆమె దాని అడుగుదాకా వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆమె ఊహలో తండ్రి చావు ఒక్క క్షణం. అల వచ్చింది, మనిషి లేడు. ఆ క్షణంలో మాటకి చోటు లేదు. ఇప్పుడు తెలిసింది వేరు. ఆయన వణుకుతూ పడుకున్నాడు, బోటు తిప్పమని అడిగాడు. అడిగిన మనిషి ఏదో ఒక మాట అని ఉంటాడు కదా. ఎందుకు తిప్పమంటున్నాడో చెప్పి ఉంటాడు కదా. జ్వరమొస్తే మాత్రల్లేకుండా వేట పూర్తిచేసి వచ్చే మనిషి ఆయన, ఊరికే వెనక్కి పోదామనడు. ఆ మాట ఏమిటి?

మూడు రోజుల్లో ఆమె చివరిదాకా సాగదీసిన ఆలోచన అదొక్కటే. అది చేతికి వచ్చాక మళ్ళీ వదల్లేదు.

మధ్యాహ్నం గంట కొట్టి మౌనం ముగిసిందనగానే అమ్మాయిలంతా కేకలు పెట్టి ఒకరినొకరు కావలించుకున్నారు. దేవిశ్రీ చేతులు చాపుకుంటూ వచ్చింది. ఈశ్వరి ఆమె పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కి, సిస్టర్ జసింత పక్కన, ఫోన్ల బకెట్ ఉన్న సీట్లో కూర్చుంది. దారంతా వెనక నుంచి పాటలు వినిపించాయి. దేవిశ్రీ గొంతు అందులో లేదు.

ఇంటికి వచ్చేసరికి తల్లి తవిటమ్మ గుమ్మం ముందు కూర్చుని కత్తిపీట మీద చేపలు కోస్తోంది. పొద్దున్న అమ్మకానికి పోగా మిగిలినవాటిని ఉప్పు పెట్టి ఎండబెట్టడం ఆమె పని. ఏటే, తిండీ తిప్పా బాగున్నాయా అని కూతుర్ని అడిగింది. ఈశ్వరి సంచి కింద పెట్టి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది. దారిలో ఆమె చాలా మాటలు కూర్చుకుంది, అమ్మ ఏడిస్తే ఎలా పట్టుకోవాలో కూడా అనుకుంది.

"అమ్మా, నాన్నని అల కొట్టలేదంట," అంది.

తవిటమ్మ చేతిలో చేప అలాగే ఆగింది. ఆమె ఏడవలేదు. అదేంటి అనలేదు. అబద్ధం అనలేదు.

"నీకెవులు సెప్పేరు?" అంది.

 అమ్మకి తెలుసు. మావ దాచాడు సరే, భయపడ్డాడు. దేవిశ్రీ దాచింది సరే, తండ్రిని ఎలా పట్టిస్తుంది. అమ్మ ఎవరి కోసం దాచింది? తామిద్దరమే మిగిలామనుకున్న చోట తనొక్కతే మిగిలింది. తండ్రి పోయిన రోజు కూడా ఇంత ఒంటరితనం లేదు, ఆ రోజు పట్టుకోవడానికి అమ్మ ఉంది.

తవిటమ్మ చేప పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, చీర కొంగుకి తుడుచుకుంది. ఆ తర్వాత దాచడానికి ఇంకేం లేదన్నట్టు చెప్పేసింది. అర్జునరావు గుమ్మంలో కూలబడటానికి ముందే, హార్బర్లోనే ఆమెకి ఉన్నదంతా చెప్పి కాళ్ళ మీద పడ్డాడట.

"అల అని సెప్పమన్నది నానే," అంది. "నీకప్పుడు పదమూడేళ్ళు. ఎదురిల్లు. తెల్లారి లేస్తే ఆ మొకమే సూడాల. మడిసి మీద కోపమెట్టుకుని ఈ ఈదిలో ఎలాగ పెరుగుతావే? అల మీదైతే ఎంత కోపమున్నా పరవాలేదు."

ఆ మాటలో న్యాయం ఉంది. ఉండటమే ఈశ్వరిని మరీ మండించింది. మరి నీకు కోపం లేదా అని తల్లిని అడిగింది.

"నాకు తీరికేదే?" అంది తవిటమ్మ.

ఈలోగా వీధి మలుపులో అర్జునరావు కనిపించాడు. ఆ రోజే బోటు వచ్చింది. నెత్తిన తట్ట పెట్టుకుని, నీళ్ళు భుజం మీదికి కారుతుంటే పట్టించుకోకుండా వస్తున్నాడు. దేవిశ్రీ ఇంట్లో ఇంకా ఏమీ చెప్పినట్టు లేదు. ఆయన మామూలుగానే నవ్వుతూ వచ్చి, తట్ట దింపి, గుంట వచ్చేసిందేటి, భీమిలి సముద్రం మన సముద్రం ఒకలాగే ఉన్నాయా అని వేళాకోళమాడాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తల్లి వంకా కూతురి వంకా చూశాడు. తవిటమ్మ కత్తిపీట వైపు తిరిగిపోయింది. ఆయనకి అర్థమైపోయింది. చెమటా నీళ్ళూ కలిసిన ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

తిడుతుందనుకున్నాడు. తిట్టించుకోవడానికి సిద్ధపడినట్టు తల వంచుకుని నిలబడ్డాడు. బహుశా ఇన్నాళ్ళుగా దానికే సిద్ధపడుతున్నాడేమో. ఈశ్వరి తిట్టలేదు. ఎందుకు తిప్పలేదని కూడా అడగలేదు. దానికి జవాబు ఆమెకి తెలుసు, చేప దొరుకుతోంది కాబట్టి.

"మావా, బోటు తిప్పమన్నప్పుడు మా నాన్న ఏటన్నాడు?" అంది. "నువ్వేటన్నావో నాకొద్దు. ఆయనన్నది ఉన్నదున్నట్టు సెప్పు."

అర్జునరావు తవిటమ్మ వంక చూశాడు. అలా చూడటంలోనే, ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా ఎప్పటి నుంచో ఉందని ఈశ్వరికి తెలిసింది. ఆయన గోడకి ఆనుకుని చెప్పాడు.

"'గుంట బళ్ళో పాట పాడతాదంట బావా. రానని సెప్పేసొచ్చేను, మొకం మాడ్సుకుంది. జొరం ఎలాగూ వచ్చింది గదా, తిప్పెయ్. ఆ పాటకైనా అందుకుంటాను' అన్నాడు."

ఈశ్వరి ఎనిమిదో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవంలో ఆమె చేత ఒంటరిగా పాడించారు. తండ్రిని రమ్మని అడిగితే, నువ్వు పాడతావని చేపలు ఆగుతాయేటే అని నవ్వేశాడు. ఆ ఉక్రోషంలో ఆయన వేటకి వెళ్ళే రోజు ఆమె పక్క మీంచి లేవలేదు, గుమ్మంలోంచి రెండుసార్లు పిలిచినా పలకలేదు. బోటు తిరిగొచ్చి కబురు తెలిసేలోపే ఆ పాట పాడేసింది. పాడుతున్నంతసేపూ నాన్న రాలేదనే కోపమే. ఆ తర్వాత ఎవరికీ చెప్పుకోలేనిది ఆమెకి ఒక్కటే మిగిలింది. నాన్నకి నా పాట అక్కర్లేదు, నేను పలకలేదని ఆయన నొచ్చుకుని పోయాడు. రెండేళ్ళుగా ఆమె పాట అన్నది మళ్ళీ ఒంటరిగా పాడలేదు. అందరితో కలిసి వెనక వరసలో పెదాలు కదిపింది. ఎందుకు పాడవని తవిటమ్మ ఎన్నోసార్లు అడిగింది కూడా.

"నీకీ మాట తెలుసా?" అని తల్లి వైపు తిరిగి అడిగింది.

తవిటమ్మ తలెత్తలేదు. తెలుసన్నట్టు ఊపింది. అల అని చెప్పాక ఈ మాట చెప్పడానికి దారి లేకపోయిందని మెల్లగా గొణిగింది. అల కొట్టిన మనిషి ఏ మాట అంటాడు? ఒక అబద్ధం నిలబెట్టడానికి ఆ నిజాన్ని కూడా దానితోపాటే పాతిపెట్టాల్సి వచ్చిందని ఆమె ఉద్దేశం. అర్జునరావు ఏడుస్తున్నాడు. ఎదురింటి గుమ్మంలో దేవిశ్రీ వచ్చి నిలబడింది, దాటి రావడానికి భయపడి అక్కడే ఆగిపోయింది. ఈశ్వరి ఆ ముగ్గురినీ చూసింది. ముగ్గురూ ఆమె మంచి కోరేవాళ్ళే, ఆ సంగతి ఆమెకి అప్పుడు కూడా తెలుసు.

తట్ట ఎత్తుకుపొమ్మని అర్జునరావుకి చెప్పింది. ఆయన కదలకపోతే తనే ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని వీధి మధ్యలో నిలబడిపోయాడు.

"నా మీద కోపంతో పోయేడనుకున్నాను నాను," అంది తల్లితో. ఆమె గొంతు పెద్దదేమీ కాలేదు. "ఆ ఒక్క మాటా నాదమ్మా. మీరంతా దాన్ని దాసుకుని నాకు సేపలెట్టేరు."